ఖంభాత్ సముద్రం అడుగున నగరం ఉందా? ధ్వని చూపినదెంత, ఊహ కలిపినదెంత

2001 మే నెలలో అప్పటి కేంద్రమంత్రి మురళీ మనోహర్ జోషి చేసిన ఒక ప్రకటన దేశమంతా సంచలనం రేపింది. గుజరాత్ తీరానికి కొద్ది దూరంలో, ఖంభాత్ సింధుశాఖలో, 30 నుంచి 40 మీటర్ల లోతున ఒక ప్రాచీన నగరం ఆనవాళ్లు కనిపించాయన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది జనవరిలో రెండో ప్రకటన వచ్చింది. అక్కడ సముద్రం అడుగు నుంచి తీసిన ఒక చెక్కముక్క వయసు సుమారు 9,500 ఏళ్లని అందులో చెప్పారు. మొహెంజొదారో, హరప్పా నగరాలు ఉచ్ఛస్థితిలో ఉన్నది క్రీ.పూ. 2600 నుంచి 1900 మధ్య. అంటే వాటికంటే దాదాపు ఐదు వేల ఏళ్ల ముందే ఇక్కడ నగర నాగరికత ఉండేదన్న వాదనకు తలుపు తెరుచుకుంది. రచయిత గ్రాహం హాన్‌కాక్ 2002లో వెలువరించిన ‘అండర్‌వరల్డ్’ పుస్తకంలో ఖంభాత్‌కు చోటిచ్చారు. ఆ కథ ఇప్పటికీ వీడియోల రూపంలో తిరుగుతూనే ఉంది.

ఈ ప్రకటనకు ఆధారం తవ్వకం కాదు. మునిగి చూసినవారి సాక్ష్యం కూడా కాదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) సర్వే నౌక సోనార్ పరికరాలతో తీసిన చిత్రాలే దానికి మూలం. ఆ సంస్థ అక్కడికి వెళ్లింది నగరాన్ని వెతకడానికీ కాదు, మామూలు సముద్ర సర్వే పనికి. కాబట్టి నగరం ఉందా లేదా అన్న చర్చకు ముందు ఆ చిత్రాలు ఎలా తయారవుతాయో, అవి ఏం చెప్పగలవో, ఏం చెప్పలేవో తెలుసుకోవాలి. నాగరికత వయసు సంగతి అలా ఉంచినా, సూరత్ పక్కనున్న హజీరా తీరంలో గ్యాస్ పైపులు, ఓడరేవులు, రిగ్గులు ఆధారపడేది కూడా ఇలాంటి చిత్రాల మీదే.

బురద రాసిన రేవు చరిత్ర

సూరత్ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేవి చీరలు, మరమగ్గాలు. వాటి మధ్య బతుకు వెతుక్కున్న తెలంగాణ నేత కుటుంబాలు కూడా గుర్తొస్తాయి. మొఘలుల కాలంలో మాత్రం సూరత్ పేరు మోగింది రేవుగానే. హజ్ యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. అయితే ఆ రేవుకు మొదటి నుంచీ ఒక చిక్కు ఉండేది. తాపీ నది మోసుకొచ్చే ఒండ్రు ముఖద్వారంలో పేరుకుపోయి, పెద్ద ఓడలు ఊరిదాకా రాలేకపోయేవి. అవి నది బయట, ఇప్పటి హజీరాకు దగ్గరలోని సువాలీ వద్ద, తీరానికీ ఇసుక దిబ్బకూ నడుమ ఉన్న లోతైన నీటిలో లంగరు వేసేవి. 1612లో థామస్ బెస్ట్ నాయకత్వంలోని ఆంగ్లేయుల ఓడలు పోర్చుగీసు వారితో తలపడింది అక్కడే. తర్వాతి కాలంలో వ్యాపారం బొంబాయికి తరలిపోవడానికి రాజకీయ కారణాలు చాలానే ఉన్నాయి. వాటితోపాటు ఈ బురదనూ లెక్కలో వేసుకోవాలి.

ఆ రోజుల్లో నావికులు లోతును సీసపు గుండు కట్టిన తాడుతో కొలిచేవారు. గుండు కింది భాగంలో చిన్న గుంట ఉండేది, దానిలో జంతువుల కొవ్వు నింపేవారు. గుండు అడుగును తాకినప్పుడు కొవ్వుకు ఇసుకో, బురదో, గవ్వ ముక్కలో అంటుకుని పైకి వచ్చేవి. తాడు లోతు చెబితే, కొవ్వు అడుగున ఉన్నదేమిటో చెప్పేది. ఒకే పనిముట్టు కొలతనూ నమూనానూ కలిపి ఇచ్చేదన్నమాట. ఆధునిక సోనార్ మొదటి పనిని లక్షల రెట్లు మెరుగ్గా చేస్తుంది. రెండో పని దానికి చేతకాదు. ఖంభాత్ వివాదం మొత్తం ఈ తేడా దగ్గరే ఉంది.

ధ్వనితో మట్టిని చూడటం

నీటిలో కాంతి ఎక్కువ దూరం పోదు, ఖంభాత్ లాంటి బురద నీటిలో అసలే పోదు. ధ్వని మాత్రం సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో సాగుతుంది. నౌక నుంచి కిందికి పంపిన శబ్దం సముద్రపు అడుగును తాకినప్పుడు కొంత వెనక్కి వస్తుంది, కొంత మట్టిలోకి దిగుతుంది. మట్టిలో మెత్తటి బురద ముగిసి గట్టి ఇసుక మొదలయ్యే చోట మళ్లీ కొంత వెనక్కి వస్తుంది. సాంద్రత గానీ, ధ్వని వేగం గానీ మారిన ప్రతి హద్దు దగ్గరా ఇలాగే ఒక ప్రతిధ్వని పుడుతుంది. 30 మీటర్ల లోతు నుంచి ప్రతిధ్వని తిరిగి రావడానికి 40 మిల్లీసెకన్లు పడుతుంది. నౌక మెల్లగా, అంటే సెకనుకు రెండు మీటర్ల చొప్పున కదులుతూ సెకనుకు ఐదారు శబ్దాలు పంపుతుందనుకుందాం. అప్పుడు 30, 40 సెంటీమీటర్లకు ఒక కొలత చొప్పున నమోదవుతుంది. ఆ కొలతలను పక్కపక్కన పేరిస్తే కేకు కోసినట్టు మట్టి పొరల అడ్డుకోత కనిపిస్తుంది. ఈ పని చేసే పరికరాన్ని సబ్‌బాటమ్ ప్రొఫైలర్ అంటారు.

చమురు అన్వేషణలో వాడే సీస్మిక్ సర్వే కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది, తేడా శబ్దపు స్థాయిలోనే. పక్కింట్లో పాట పెద్దగా పెడితే గోడ దాటి మనకు చేరేది డప్పు మోతే గానీ పాటలోని మాటలు కాదు. తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం దేన్నైనా దాటుకుని లోతుకు పోతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం వివరంగా చూపుతుంది గానీ త్వరగా చచ్చిపోతుంది. చమురు కోసం వాడే ఎయిర్‌గన్‌లలో శక్తి ఎక్కువగా పదుల హెర్ట్జ్ స్థాయిలో ఉంటుంది, కిలోమీటర్ల లోతుకు వెళుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 30 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే ఏడెనిమిది మీటర్లకంటే పలుచని పొర దానికి విడిగా కనిపించదు. పై మట్టిని చూడాలంటే 3.5 కిలోహెర్ట్జ్ పింగర్, అనేక ఫ్రీక్వెన్సీలను ఒక్క ఊపులో పలికే చిర్ప్, నీటిలో విద్యుత్ మెరుపు పుట్టించే స్పార్కర్, లోహపు పలకను అదిరించే బూమర్ వంటివి వాడతారు. 3.5 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 43 సెంటీమీటర్లు. కాబట్టి సిద్ధాంతరీత్యా పది పదకొండు సెంటీమీటర్ల మందం ఉన్న పొరను కూడా విడిగా చూడవచ్చు. మెత్తటి బురదలో ఈ శబ్దాలు పదుల మీటర్లు దిగుతాయి, గట్టి ఇసుకలో కొన్ని మీటర్లకే ఆగిపోతాయి.

ఈ పరికరాల వెనుక అమెరికాలోని ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ చేయి ఉంది. పాల చుక్క పడగానే కిరీటంలా లేచే దృశ్యాన్ని మెరుపు ఫ్లాష్‌తో ఫొటో తీసి ప్రసిద్ధికెక్కినది ఆయనే. అదే విద్యుత్ మెరుపు విద్యను సముద్రానికి తీసుకెళ్లి పింగర్, బూమర్, సైడ్‌స్కాన్ సోనార్‌లకు రూపమివ్వడంలో ముఖ్యపాత్ర వహించారు.

ఖంభాత్ చర్చలో తరచూ కలగాపులగమయ్యే విషయం ఒకటుంది. సైడ్‌స్కాన్ సోనార్, సబ్‌బాటమ్ ప్రొఫైలర్ రెండూ వేరు. సైడ్‌స్కాన్ నౌకకు అటూ ఇటూ శబ్దాన్ని విసిరి సముద్రపు అడుగు ఉపరితలాన్ని పై నుంచి తీసిన ఫొటోలా చూపుతుంది, మట్టిలోపలికి చూడదు. ప్రొఫైలర్ లోపలికి చూస్తుంది గానీ, నౌక పోయిన గీత కింద మాత్రమే. ‘వరుసగా ఉన్న దీర్ఘచతురస్రాలు’ అన్న మాట సైడ్‌స్కాన్ చిత్రాల నుంచి వచ్చింది. వాటికింద పునాదులు ఉన్నాయన్న మాటకు ప్రొఫైలర్ చిత్రాలను చూపారు.

నిలువున పదును, అడ్డంగా మసక

పత్రికల్లో ప్రొఫైలర్ చిత్రం అచ్చయినప్పుడు దాన్ని ఎక్స్‌రేలా చదవడం సహజం. కానీ దాని నిలువు, అడ్డం కొలతలు ఒక్కటి కావు. పింగర్ పంపే శబ్దం సూదిమొనలా దిగదు, టార్చిలైటు వెలుగులా విచ్చుకుంటుంది. 30 డిగ్రీల వెడల్పున్న శబ్దపుంజం 30 మీటర్ల లోతుకు చేరేసరికి 16 మీటర్ల మేర పరుచుకుంటుంది. అందులో బలమైన ప్రతిధ్వని వచ్చే నడిమి భాగమే ఐదు మీటర్లుంటుంది. అంటే పది సెంటీమీటర్ల పొరను నిలువున గుర్తుపట్టే పరికరమే, అడ్డంగా మూడు మీటర్ల దూరంలో ఉన్న రెండు గోడలను ఒక్క ముద్దగా చూపగలదు. ఒంటరిగా ఉన్న రాయి గానీ పైపు గానీ గోపురంలా వంగిన గీతగా కనిపిస్తుంది. పైగా తెర మీద నిలువును సాగదీసి చూపించడం రివాజు. దాంతో ఐదు డిగ్రీల వాలు కూడా కొండచరియలా, గోడలా కనిపిస్తుంది.

దయ్యపు పొరలు మరో చిక్కు. అడుగు నుంచి లేచిన ప్రతిధ్వని నీటి ఉపరితలాన్ని తాకి మళ్లీ కిందికి వెళ్లి రెండోసారి తిరిగొస్తుంది. రెట్టింపు సమయం పట్టింది కాబట్టి, పరికరం దాన్ని రెట్టింపు లోతున ఉన్న పొరగా గీస్తుంది. నీటి లోతు 30 మీటర్లయితే, అడుగుకు 30 మీటర్ల కింద లేని పొర ఒకటి ప్రత్యక్షమై అసలు పొరలను కప్పేస్తుంది. హజీరా దగ్గర పది మీటర్ల లోతులో అది పది మీటర్ల కిందే వస్తుంది. ఈ దయ్యాన్ని కంప్యూటర్ లెక్కలతో కొంత తగ్గించవచ్చు, పూర్తిగా వదిలించుకోవడం కష్టం.

మూడోది మట్టిలోని గ్యాస్. మన పశ్చిమ తీరపు లోపలి షెల్ఫ్‌లో, బురదలో కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి పుట్టే మీథేన్ బుడగలు ధ్వనిని మింగేస్తాయని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్‌ఐఓ) శాస్త్రవేత్తలు 1980ల నుంచీ రాస్తూ వచ్చారు. బుడగలు చాలా కొద్దిగా ఉన్నా చాలు, వాటి కింద చిత్రం నల్లటి మసిగానో, ఖాళీగానో మారుతుంది. ఆ తెర అంచులు కొన్నిసార్లు నిటారుగా, కత్తితో కోసినట్టు ఉంటాయి. చూసేవారికి నిర్మాణం అనిపించడంలో వింత లేదు.

ఇక ఖంభాత్‌కే సొంతమైన చిక్కు పోటు. గరాటులా లోపలికి సన్నబడే ఈ సింధుశాఖలో పోటుపాట్ల తేడా దేశంలోనే అత్యధికం. భావ్‌నగర్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో అది 10 మీటర్లు దాటుతుంది. మన విశాఖలో పెద్ద పోటు రోజున కూడా తేడా రెండు మీటర్లకు మించదు. ఉదయం గీసిన సర్వే గీతకూ మధ్యాహ్నం గీసిన గీతకూ మధ్య నీటిమట్టమే అన్ని మీటర్లు మారితే, ఆ తేడాను సరిగా తీసేయకపోతే, ఒకే పొర రెండు ఎత్తుల్లో పడుతుంది. మెట్టు ఉన్నట్టు కనిపిస్తుంది. అలల మీద నౌక ఊగినా అంతే, చదునైన పొర వంకర్లు పోతుంది. ప్రవాహ వేగం వల్ల వెనక లాక్కెళ్లే సోనార్ చేప మెలికలు తిరిగితే సైడ్‌స్కాన్ చిత్రంలో వరుస చారలు పుడతాయి. ఇంతటి ప్రవాహం అడుగున ఇసుకను కూడా క్రమమైన అలల్లా పేరుస్తుంది. ప్రకృతి గీసే సమాంతర రేఖలకు ఇక్కడ కొదవ లేదు.

నది నిజం, నగరం సందేహం

అయితే ఎన్‌ఐఓటీ చిత్రాలు వట్టివని కొట్టిపారేయడం కూడా సరికాదు. వాటిలో గట్టిగా నిలిచే విషయం ఒకటుంది. సముద్రం అడుగున, మట్టి కింద పూడిపోయిన పాత నదీ మార్గాలు అవి. ప్రొఫైలర్ చిత్రంలో నదీ గర్భం గిన్నె ఆకారంలో, లోపల ఏటవాలు పొరలతో కనిపిస్తుంది. ఇది ధ్వని చక్కగా చూపగల ఆకారం, వెడల్పు వందల మీటర్లు ఉంటుంది కాబట్టి పైన చెప్పిన మసక దాన్ని చెరపలేదు. అది ఉండటానికి కారణమూ తెలుసు. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం ఉచ్ఛస్థితిలో, ప్రపంచ సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందకు ఉండేది. ఖంభాత్ సింధుశాఖ అప్పుడు పొడి నేల. తాపీ, నర్మద, మహి, సబర్మతి ఆ నేల మీదుగా పారి ఎక్కడో దూరంగా సముద్రంలో కలిసేవి. మంచు కరిగేకొద్దీ సముద్రం లోపలికి వచ్చింది. 9,500 ఏళ్ల నాటికి మట్టం ఇంకా సుమారు 30 మీటర్ల కిందే ఉందని అంచనా. కనుక ఇప్పుడు 30, 40 మీటర్ల లోతున్న చోట ఆ కాలానికి కాస్త ముందు వరకు మనుషులు తిరిగి ఉండవచ్చు. నది ఒడ్డున నివసించి ఉండవచ్చు కూడా. దీన్ని కాదనేవారు లేరు.

వివాదం ‘నివసించారు’ నుంచి ‘నగరం కట్టారు’కు దూకడం దగ్గర వచ్చింది. ఆకారాల పోలికతో స్నానవాటిక, ధాన్యాగారం వంటి పేర్లు పెట్టారు. ఆ పేర్లు హరప్పా తవ్వకాల నుంచి అరువు తెచ్చుకున్నవి. పోలిక మొదట వచ్చింది, పరీక్ష తర్వాత రావాల్సి వచ్చింది. పరీక్ష కోసం చేసింది అడుగును గోకి పైకి లాగడం. పెంకులు, పూసలు, రాతి ముక్కలు, ఎముకలు, చెక్క దొరికాయన్నారు. పురావస్తు శాస్త్రంలో వస్తువు ఎంత ముఖ్యమో అది ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్నదీ అంతే ముఖ్యం. డ్రెడ్జ్ గంపలో పడిన క్షణంలో ఆ సంగతి పోతుంది. నాలుగు పెద్ద నదులు వేల ఏళ్లుగా ఒండ్రు, చెత్త, కొట్టుకొచ్చిన చెట్లు పోస్తున్న చోటది. దానిపై ప్రతిరోజూ రెండుసార్లు భారీ పోటు కలియబెడుతోంది. అలాంటి చోట దొరికిన పెంకు అక్కడిదేనని ఎలా చెప్పాలి?

చెక్కముక్క సంగతి మరీ స్పష్టం. దాన్ని రెండు ప్రయోగశాలలకు పంపారు. హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) క్రీ.పూ. 7500 ప్రాంతమని తేల్చింది. లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థ క్రీ.పూ. 5500 ప్రాంతమని చెప్పింది. రెండింటికీ రెండు వేల ఏళ్ల తేడా ఉన్నా, ప్రచారంలో నిలిచింది పెద్ద అంకె. అయితే అసలు విషయం తేడా కూడా కాదు. కార్బన్ పరీక్ష చెప్పేది చెట్టు ఎప్పుడు చచ్చిందో. దాన్ని మనిషి నరికాడా, వరదలో కొట్టుకొచ్చిందా అన్నది ఆ అంకెలో లేదు. హైదరాబాద్ ప్రయోగశాల తన పని తాను చేసింది. దాని మీద నగరాన్ని లేపింది ప్రయోగశాల కాదు.

ఇదే పనిని ఓపిగ్గా చేస్తే ఎలా ఉంటుందో ఉత్తర సముద్రంలో చూడవచ్చు. బ్రిటన్, నెదర్లాండ్స్, డెన్మార్క్ మధ్య మునిగిపోయిన నేలను డాగర్‌ల్యాండ్ అంటారు. 1931లో కోలిండా అనే చేపల ఓడ వలలో పీట్ మట్టి గడ్డ పడింది. దాన్ని పగలగొడితే కొమ్ముతో చేసిన రంపపు పళ్ల ఈటె మొన దొరికింది. అది పీట్ పొరలోనే ఉండటంతో ఆ నేల నాటిదని చెప్పే వీలు కలిగింది. ఈ శతాబ్దం తొలి దశకంలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన విన్సెంట్ గాఫ్నీ బృందం, చమురు కంపెనీల కోసం తీసిన త్రీడీ సీస్మిక్ డేటాను తిరిగి చదివి అక్కడి నదులు, సరస్సులు, తీరరేఖల పటం గీసింది. వారు పటంలో ఊళ్లు గుర్తించలేదు. మనుషులు ఉండటానికి అనువైన చోట్లు ఇవీ అన్నారు. తర్వాత అక్కడ గొట్టాలు దించి మట్టి తీసి, పుప్పొడినీ ప్రాచీన డీఎన్‌ఏనూ వెతికారు. సీస్మిక్ పటం వారికి ఎక్కడ తవ్వాలో చెప్పే సాధనం అయింది, జవాబు కాలేదు.

హజీరాలో తప్పు చదివితే

చరిత్ర విషయంలో చిత్రాన్ని తప్పుగా చదివితే వాదోపవాదాలు జరుగుతాయి. ఇంజినీరింగ్‌లో అలా కాదు. సౌత్ బసీన్ క్షేత్రం నుంచి ఓఎన్‌జీసీ గ్యాస్ సముద్రగర్భ పైపుల్లో రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హజీరా ప్లాంటుకు చేరుతుంది. అక్కడి నుంచి హెచ్‌వీజే పైపులైనులో ఉత్తరాది ఎరువుల కర్మాగారాలకు వెళుతుంది. 2005 నుంచి హజీరాలో ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ కూడా ఉంది. ఈ ప్రాంతంలో పైపు పరచాలన్నా, ఓడలకు దారి తవ్వాలన్నా కింద బురద ఎంత మందం, ఇసుక అల కదులుతోందా, పూడిపోయిన నదీ మార్గం అడ్డువస్తోందా అని ముందే తెలియాలి. ఇసుక అల పైపు కింద నుంచి జరిగిపోతే, పైపు ఆధారం లేకుండా గాల్లో వేలాడినట్టు నీటిలో వేలాడుతుంది. ప్రవాహం దాన్ని రాత్రింబవళ్లు అదిరిస్తుంది. కొన్నాళ్లకు లోహం అలసిపోతుంది.

జాకప్ రిగ్గులకు ఇంకో ప్రమాదం. మూడు కాళ్ల మీద నిలబడే ఈ రిగ్గు, పైన గట్టి ఇసుక పొర, దానికింద మెత్తటి బంకమట్టి ఉన్న చోట కాలు మోపితే, గట్టి పొర ఒక్కసారిగా పగిలి ఒక కాలు కిందికి దిగబడిపోతుంది. పూడిన నదీ మార్గం మీద సరిగ్గా ఇలాంటి అమరికే ఉండే అవకాశం ఎక్కువ, ఒక కాలు కాలువలో, రెండో కాలు ఒడ్డున పడవచ్చు. అందుకే రిగ్గు రాకముందు ఆ చోటును వరుస గీతలతో ధ్వనితో చూడటమే కాక, బోరు వేసి మట్టి తీసి బలం కొలుస్తారు. గొట్టంలో వచ్చిన మట్టితో పోల్చి చూసేదాకా చిత్రంలోని పొరలకు ‘ఇసుక’, ‘బంకమట్టి’ అని పేర్లు పెట్టరు. అప్పటిదాకా అవి ‘బలమైన ప్రతిధ్వని’, ‘బలహీన ప్రతిధ్వని’ మాత్రమే.

మన తూర్పు తీరంలోనూ ఇదే పాఠం కనిపిస్తుంది, లోతు మాత్రం వేరు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల ఉనికిని మొదట సూచించింది సీస్మిక్ రేఖలే. అయితే 2006లో జాయిడెస్ రెజల్యూషన్ నౌక వచ్చి డ్రిల్లింగ్ చేసి మట్టి పైకి తీశాకే, ఒకచోట హైడ్రేట్లున్న పొర వంద మీటర్లకు మించి ఉందని ఖాయమైంది.

ఖంభాత్ సింధుశాఖకు అడ్డంగా భావ్‌నగర్ వైపు నుంచి భరూచ్ తీరానికి ఆనకట్ట కట్టి మంచినీటి సరస్సు చేయాలన్న కల్పసర్ ప్రతిపాదన గుజరాత్‌లో దశాబ్దాలుగా ఉంది. దాదాపు 30 కిలోమీటర్ల కట్ట అది. అది ఎప్పుడు కట్టినా, అసలు కట్టకపోయినా, దాని పునాది అధ్యయనానికి ఈ ఒండ్రులోకి వరుసగా బోర్లు దించక తప్పదు. పొర చెదరకుండా, ఏ లోతున ఏముందో రాసి ఉంచిన మట్టి గొట్టాలు వాటి నుంచి వస్తాయి. నగరం ఉందన్న చోటు ఆ కట్టకు దక్షిణాన పడుతుంది. అక్కడ కూడా నాలుగైదు గొట్టాలు అదే శ్రద్ధతో దించితే, రెండు దశాబ్దాల వాదన కంటే ఎక్కువ తెలుస్తుంది.